ముందు నూనె

ఉదయం తొమ్మిదీ పదికి ప్రొఫెసర్‌ని లిఫ్టులో కాల్చేశారు. సైలెన్సర్, రెండు తూటాలు. నాలుగో అంతస్తులో తలుపు తెరుచుకునేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు, గోడకి ఆనుకుని.

తొమ్మిదిన్నరకి చీఫ్ గదిలో బ్రీఫింగ్. ఏజెంట్ నిలబడే విన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని మేకు అంటారు. కొడితే దిగుతాడు, పీకితే రాడు. వారం రోజులుగా మెకానిక్ వేషంలో ప్రొఫెసర్‌కి కాపలా కాసింది అతనే. స్పానరు కోసం పక్క గదికి వెళ్ళిన రెండు నిమిషాల్లో పని అయిపోయింది. తప్పు తనదే. దానికి సాకు వెతుక్కోలేదు.

"శత్రువులు మన మంచినీళ్ళలో కలిపిన క్రిమి ఏ మందుకి చస్తుందో తేలాలి," అన్నాడు చీఫ్. "రోగుల రక్తంలో అది పట్టుబడటం లేదు. ట్యాంకులో తీసిన ఒక్క చుక్కలో దొరికింది. ఆ చుక్కని చిప్‌లోకి పంపి లక్ష తుంపరలుగా చీల్చాలి. ఒక్కో తుంపర ఒక్కో పరీక్ష. ఆ చుక్క పాడైతే ఇంకోటి లేదు."

"గడువు?"

"సాయంత్రం ఆరు. వార్డులో పద్నాలుగు మంది."

ఆ పద్నాలుగు మందిలో ఒక నర్సు ఉంది. మేకు చెల్లెలు.

"ప్రొఫెసర్ లేకుండా చిప్ ఎవరు నడుపుతారు సార్?"

"నెమలి. నాలుగేళ్ళు వాళ్ళ ల్యాబ్‌లో ఇదే పని చేస్తూ, వాళ్ళ రహస్యాలు మనకి చేరవేసింది."

"మనవి వాళ్ళకి చేరవెయ్యలేదని గ్యారంటీ ఏంటి?"

చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అందుకే నువ్వు అక్కడ ఉంటావ్."

పదకొండింటికి ల్యాబ్‌లోకి ముందు సెంటు వాసన వచ్చింది, తర్వాత నెమలి వచ్చింది. నల్లద్దాలు, హై హీల్స్. కోడ్‌వర్డ్ తడబడకుండా చెప్పింది. తెల్లకోటు తొడుక్కుని చిప్‌ని మైక్రోస్కోప్ కింద బిగించింది. తపాలా బిళ్ళంత చిప్. అందులో వెంట్రుక కంటే సన్నని కాలువలు. ఎడమ పంపులో నూనె, కుడి పంపులో శాంపిల్.

"ఏమయ్యా, మీద పడి చూడకు. వెలుతురుకి అడ్డం."

"లీకేజీ ఉందేమోనని మేడమ్. మీరు కానివ్వండి."

అతని చొక్కా గుండీలోని కెమెరాకి అనుమానించాల్సిందేమీ కనపడలేదు.

ఆమె కుడి స్విచ్ నొక్కింది.

వారం కిందట రంగునీళ్ళతో మేకు కూడా అదే చేశాడు. ప్రొఫెసర్ వీపు మీద ఒక్కటి చరిచాడు. "ముందు నూనె రా గాడిదా! కాలువ గోడలు నూనెతో తడవాలి. నీళ్ళు ముందెళ్తే గోడలకి అంటుకుపోతాయి. ఇక తుంపరలూ లేవు, నీ మొహమూ లేదు."

ట్యూబులో శాంపిల్ పాకుతోంది. చిప్‌కి జానెడు దూరం. బెత్తెడు.

"ముందు నూనె కదా మేడమ్?"

ఆమె నవ్వింది. "అయ్యో, తొందర్లో మర్చిపోయా."

చెయ్యి మాత్రం స్విచ్ వైపు వెళ్ళలేదు. హ్యాండ్‌బ్యాగ్ వైపు వెళ్ళింది.

మేకు ఎడమ చేత్తో ట్యూబుని నొక్కిపట్టాడు. బ్యాగులోంచి లిప్‌స్టిక్ వచ్చింది. మూత కింద రంగు లేదు, తూటా ఉంది. కుడి చేతిలోని స్పానరు ఆమె మణికట్టు మీద పడింది. తూటా సీలింగ్‌లో దిగింది. అతను మోచేత్తో పంపు ఆపాడు. ట్యూబు మీద వేళ్ళు వదల్లేదు.

శాంపిల్ చిప్‌కి బియ్యపుగింజంత దూరంలో ఆగింది.

"చెయ్యి విరిగింది... డాక్టర్ని పిలువు," అంది నెమలి నేల మీంచి.

"డాక్టర్లు ఖాళీగా లేరు. వార్డులో పద్నాలుగు మంది ఉన్నారు."

గార్డులు ఆమెని లాక్కెళ్ళారు. అతను అటు చూడలేదు. ఎడమ స్విచ్ నొక్కి, కాలువలన్నీ నూనెతో నిండేదాకా ఆగి, అప్పుడు కుడిది నొక్కాడు. తెర మీద తుంపరలు బారులు తీరాయి, ఒకదాన్నొకటి అంటకుండా.

అయిదూ నలభైకి మెషీన్ మందు పేరు తేల్చింది. అయిదూ యాభై ఎనిమిదికి మొదటి ఇంజెక్షన్ పడింది.

మర్నాడు చెల్లెలు కళ్ళు తెరిచి అతని చొక్కా మీది గ్రీజు మరకలు చూసింది.

"మెకానిక్‌వి ఎప్పుడయ్యావన్నయ్యా? సర్లే, ఆ ఫ్యాను కిర్రుకిర్రుమని ప్రాణం తీస్తోంది. కాస్త చూడు."

మేకు పైకి చూశాడు.

"ముందు నూనె," అన్నాడు.