మూడో డాక్

“పోయింది! రెండు స్క్రీన్లూ నల్లబడిపోయాయి. ఈ వారంలో ఇది మూడోసారి ప్రశాంత్ గారూ!”

ఫోన్లో గీతిక గొంతు వినగానే, ఉప్పల్ రింగురోడ్డు పక్కన తన కంప్యూటర్ షాపులో లంచ్ బాక్స్ మూత తీయబోతున్న ప్రశాంత్ చెయ్యి అక్కడే ఆగింది.

“ఫికర్ చేయకున్రి మేడమ్. లాప్‌టాప్ నడుస్తున్నదా?”

“అది నడుస్తోంది. మీరిచ్చిన డాకే నడవట్లేదు. ఇవాళ సంగతి తేలకపోతే సోమవారం నుంచి ఆఫీసుకే పోతాను. నాచారం నుంచి గచ్చిబౌలి రోజూ ఎవరు తిరుగుతారు? అక్కడే హాస్టల్లో చేరిపోతా.”

హాస్టల్ అన్న మాటతో ప్రశాంత్ ఆకలి చచ్చిపోయింది. ఆరు వారాలుగా గీతికతో చెప్పాలనుకుంటున్న మాట ఒకటుంది. ఎదురుగా నిలబడితే మాత్రం నోట్లోంచి ‘మేడమ్’ తప్ప ఇంకేమీ వచ్చేది కాదు.

మొదటిసారి షాపుకొచ్చినప్పుడు ఆమె లాప్‌టాప్‌ని స్క్రీన్లకు కలిపే సన్నటి వెండిరంగు డాక్ చేతిలోకి తీసుకుని, “నా టేబుల్‌కి భలే మ్యాచవుతుంది” అంది.

“రంగు జూసి కొంటరా మేడమ్? ఎన్ని స్క్రీన్లు పెడతరు, లాప్‌టాప్‌కు ఎంత పవర్ గావాలె, అవి జూడాలె.”

వినలేదు. మూడు రోజుల్లో తిరిగొచ్చింది. ఒక స్క్రీన్ వెలిగితే రెండోది అలుగుతోందట. అప్పుడు ప్రశాంత్ సొంత అడాప్టర్ ఉన్న బరువైన నల్ల డాక్ ఏరి ఇచ్చాడు.

“ఇటుకలా ఉంది!”

“ఇటుక లెక్కనే నిలబడ్తది మేడమ్.”

ఆ ఇటుకే ఇప్పుడు కూలింది.

ఇంకో కంపెనీ డాక్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి, వానలో చిలకానగర్ మీదుగా బండి ఉరికించాడు. తలుపు తీసిన గీతిక అతన్ని పైనుంచి కిందికి చూసింది.

“మీరు తడిసి ముద్దయ్యారు. డాక్ మాత్రం పొడిగా ఉంది.”

“అది తడిస్తే వారంటీ పోతది మేడమ్.”

“మీకు వారంటీ లేదా?”

గదిలోకెళ్తే ఇంకో వింత. రెండు స్క్రీన్లూ నిక్షేపంగా వెలుగుతున్నాయి.

“మీరు గేటు తీశారు, అవి వచ్చేశాయి,” అంది గీతిక.

“బుధవారం గూడ గిట్లనే అన్నరు.”

“మీరంటే భయమేమో!” అంటూ కాఫీకి వెళ్లింది.

ప్రశాంత్ టేబుల్ కిందికి దూరి ఒక్కో కేబులూ కదిపి చూడసాగాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. అంతలో తడి ప్యాంటు కాళ్లు రెండు గదిలోకొచ్చాయి. గోడ దగ్గర ఆగాయి. టక్!

రెండు స్క్రీన్లూ నల్లబడ్డాయి.

“దొరికిండు!” అని లేవబోయి ప్రశాంత్ టేబుల్‌కి తల కొట్టుకున్నాడు.

“అమ్మో, దొంగ!” అని కేకేశాడు గీతిక తండ్రి బుచ్చిబాబు. భుజాన ప్రయాణం బ్యాగు, స్విచ్ మీద వేలు అలాగే ఉన్నాయి.

వంటింట్లోంచి తల్లి సత్యవేణి, వెనకే కాఫీ గ్లాసుతో గీతిక పరుగున వచ్చారు.

“సార్, స్విచ్ ఎందుకు బంద్ జేసిన్రు?”

“గదిలో ఎవరూ లేరనుకున్నానయ్యా. ముప్ఫై ఏళ్ల అలవాటు, లైటు కనిపిస్తే చెయ్యి దానంతటదే పోతుంది. సోమవారం ఇలాగే కట్టేస్తే అమ్మాయి నామీద ఎగిరి, తనే మళ్లీ వేసుకుంది.”

తల రుద్దుకుంటున్న ప్రశాంత్ ఆగాడు. అంటే సోమవారమే ఆమెకు సంగతి తెలుసు!

“మరి బుధవారం సార్? ఇయ్యాల నాకు ఫోన్ జేసినప్పుడు?”

“నేనెక్కడున్నానూ? సోమవారం రాత్రే మా తమ్ముడి కూతురి నిశ్చితార్థానికి కాకినాడ వెళ్లా. ఇదిగో, ఇప్పుడే రైలు దిగి వస్తున్నా.”

ప్రశాంత్ చూపు సత్యవేణి వైపు తిరిగింది.

“నా వంక చూడకు బాబూ. లాప్‌టాప్ తెరిచుంటే నేనా గడపే తొక్కను. ఈ నైటీతో కెమెరాలో పడ్డానంటే దాని ఆఫీసంతా చూడదూ!”

“అయినా స్విచ్ వేస్తే పోయేదానికి ఇంత గోలేంటి?” అన్నాడు బుచ్చిబాబు.

“ఇది నడవకుంటే మేడమ్ హాస్టల్‌కు పోతరంట సార్.”

“హాస్టలా? ఏ హాస్టలు?”

గీతిక కాఫీ నురగను మహా శ్రద్ధగా పరిశీలిస్తోంది. సత్యవేణి కూతుర్ని చూసింది, కుర్రాణ్ని చూసింది, నవ్వాపుకుంటూ భర్త చెయ్యి పట్టి లాగింది.

“రండి, స్నానం చేద్దురుగాని.”

“ఉండవే, ఎవరో తేలనీ!”

గీతిక చెయ్యి చాచి స్విచ్ వేసింది. రెండు స్క్రీన్లూ ఒకేసారి వెలిగాయి. ఆ వెలుగులో ఆమె చెవులు ఎర్రగా ఉన్నాయి.

“తేలిందా డిటెక్టివ్ గారూ? అయితే పేరు చెప్పండి. మేడమ్ అంటే కుదరదు. పేరే కావాలి.”

ప్రశాంత్ కొత్త డాక్ పెట్టెను విప్పకుండానే పక్కన పెట్టాడు.

“గీతిక,” అన్నాడు.