నర్సు పోసిన జ్ఞానస్నానం

"నీళ్లు తల మీద పోశారా, నుదుటికి తడి అద్దారా?"

డ్యూటీ దిగబోతున్న నర్సు తలెత్తి చూసింది. ఎదురుగా కళ్లజోడు పెట్టుకున్న పొడుగాటి కుర్రాడు, వానకి తడిసి ముద్దయి ఉన్నాడు.

"ఎవరండీ మీరు?"

"మొన్న మీరు జ్ఞానస్నానం ఇచ్చిన బాబుకి మేనమామని. చర్చిలో మతపాఠాలు చెప్పే ఉపదేశిని."

మొన్న ఆ పసిగుడ్డు పుడుతూనే నీలంగా మారాడు. ఫాదర్‌ వానలో ఎక్కడో చిక్కుకుపోయాడు. డాక్టరు ఆక్సిజన్ పెడుతుంటే, తల్లి ఏడుస్తూ జ్ఞానస్నానపు మాటలు అందించింది. ఏ మతమూ అంటని నర్సు కాసిని గోరువెచ్చని నీళ్లు పోసి, ఆ మాటలు తిరిగి చెప్పింది. కాసేపటికి బాబు గుక్కపట్టి ఏడ్చాడు.

"తల మీదే పోశాను. బిడ్డ బతికాడుగా, ఇంకేం కావాలి?"

"నాకేం వద్దండీ, గొడవంతా మా అమ్మది. నమ్మకం లేని పిల్ల పోస్తే అది వట్టి స్నానమేనంటోంది. ప్రాణం మీదికొస్తే ఎవరు పోసినా చెల్లుతుంది, మా క్యాథలిక్ శ్రీసభ చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలంటే వినదు."

"మీ పోప్ గారితో చెప్పించండి. ఆయన తప్పు చెప్పరటగా, పెట్టిన పోపు మాడదటగా!"

"ఆయనకీ షరతులున్నాయండీ. విశ్వాసం, నీతి గురించి, పీఠాధికారంతో, అందరికీ కట్టుబాటుగా ప్రకటిస్తేనే తప్పుండదు. రేపు ఎండ కాస్తుందని చెబితే ఆయనా తడవొచ్చు. మా అమ్మకి ఆ షరతులు కూడా లేవు."

నర్సు ఫక్కున నవ్వింది.

ఆ నవ్వు కోసం అతను రోజుకో అనుమానం మోసుకొచ్చాడు. ఆమె కూడా కావాలనే అడ్డదిడ్డం ప్రశ్నలు వేసేది.

ఓ మధ్యాహ్నం అతనితో పాటు వాళ్లమ్మే వచ్చి మనవణ్ణి నర్సు చేతుల్లో పెట్టింది. "చెల్లుతుందని ఫాదర్ చెప్పాడమ్మా. మరి మావాడి అనుమానాలెందుకు తీరట్లేదో నువ్వే కనుక్కో" అంటూ బాబుని తీసుకుని బయటికి నడిచింది.

"నాకూ ఓ అనుమానం" అంది నర్సు. ఈసారి నవ్వలేదు. "నేను జ్ఞానస్నానం తీసుకోలేదు. తీసుకుంటానని మాటా ఇవ్వను. నాకు నరకమేనా?"

"తెలియక తీసుకోనివాళ్లు మంచిగా బతికితే దేవుడు వదిలెయ్యడు."

"తెలిస్తే?"

"అదే చిక్కు. రోజూ వచ్చి అంతా నేనే చెప్పేశాను."

"అంటే నన్ను ముంచింది మీరేనన్నమాట!"

"అవును. అందుకే జీవితాంతం మీ పూచీ నాది. మీరు మారకపోయినా సరే."

ఆమెకి చెవులు వేడెక్కాయి. "మీ అమ్మగారో?"

"బయట బెంచీ మీద కూర్చుంది. మీరు ఊఁ అంటే గానీ లేవనంది."

"పెద్దావిణ్ణి ఎంతసేపు కూర్చోబెడతారు, పదండి!" అంటూ అతని కంటే ముందే తలుపు దాటింది నర్సు.