గడ్డకట్టని నెత్తురు

1984 మార్చి ఒకటి, గురువారం. ఆ మధ్యాహ్నం మాస్ట్రిక్ట్‌లో నది ఒడ్డు హోటల్లో సెర్వాస్ హౌబెన్ తిన్నది వెనిగర్‌లో నానబెట్టి, అల్లం రొట్టె వేసి ఉడికించిన గుర్రం మాంసం. పక్కన వేయించిన బంగాళాదుంపలు. తన పళ్లెం ఖాళీ చేసి అక్క పళ్లెంలోకి చెయ్యి పోనిచ్చాడు. ఫీన్ ఫోర్కుతో వేళ్ల మీద ఒక్కటిచ్చింది.

"నెత్తిమీద జుట్టు పోతోంది, ఇంకా నా కంచంలో చెయ్యేనా?"

"నువ్వు తినవుగా అక్కా. మాట్లాడుతూనే ఉంటావు."

నిజమే. ఫీన్ ఆ పూట కూడా తన కణాల గురించే చెబుతోంది. కణం చుట్టూ రెండు పొరల తోలు. లోపలి పొరలో ఉండాల్సిన కొవ్వు లోపలే ఉంటుంది. కణానికి దెబ్బ తగిలితే అది బయటికి తిరగబడుతుంది. దాన్ని చూడగానే నెత్తురు గడ్డకట్టడం మొదలెడుతుంది. "ఇంటి గుట్టు వీధిన పడితే ఊరంతా పోగవదూ? అంతే" అంది. ఈ ఒక్క ముక్క తేల్చడానికి ఆ బయోకెమిస్టుకి ఇరవై ఏళ్లు పట్టింది.

బయట ముసలమ్మల గురువారం జోరుగా సాగుతోంది. కార్నివాల్‌కి ముందొచ్చే ఆ రోజున ఊళ్లో ఆడవాళ్లదే రాజ్యం. ముసలమ్మ ముసుగులు తగిలించుకుని, కత్తెరలు పట్టుకుని, కనబడ్డ మగాడి టై కత్తిరించి, బదులుగా ఒక ముద్దిచ్చి పోతారు. సెర్వాస్ కోట్లు తేవడానికి లోపలికెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఫీన్ గుమ్మం దగ్గర బల్ల మీద ఒరిగిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి.

ఊపిరితిత్తుల్లో నెత్తురు గడ్డ అన్నారు డాక్టర్లు. "పాపం, చదివిన చదువే పొట్టన పెట్టుకుంది" అన్నారు ఊళ్లోవాళ్లు. సెర్వాస్ మాత్రం ఆమె మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, చీమ కుట్టినంత ఎర్రటి చుక్క చూశాడు. హేగ్‌లో రహస్య సర్వీసులో పండిపోయిన మనిషి. ఆ చుక్క ఏమిటో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు. ఎవరు పెట్టారో చెప్పేవాళ్లే లేరు.

పగ గురించి అతను ఎవరితోనూ అనలేదు. గడ్డం గీసుకునే ముందు కత్తి నూరుకున్నట్టు, రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి పదును పెట్టుకునేవాడు.

*

మరుసటి ఏడు ఫిబ్రవరి. హేగ్. చీఫ్ ఫాన్ వెస్సెం తలుపు వేసి, కిటికీ తెర దించాడు.

"వియన్నాలో ఒక ముఠా. ఆయుధాల వ్యాపారం. వాళ్ల కొత్త సరుకు ఒక చుక్క. చర్మం గీరుకుని లోపలికి పోతే చాలు, ఒళ్లంతా నెత్తురు గడ్డకడుతుంది. పోస్టుమార్టంలో మామూలు చావే."

"మా అక్క పరిశోధన."

"ఆమె గాయాలు మానడానికి కనిపెట్టింది. వీళ్లు దాన్ని తలకిందులు చేశారు. ఎల్లుండి గురువారం మధ్యాహ్నం మాస్ట్రిక్ట్ టౌన్‌హాల్లో విందు. జెనీవా నుంచి హల్వోర్సన్ వస్తున్నాడు, రసాయన ఆయుధాల నిషేధం కోసం తిరుగుతున్న రాయబారి. కొనేవాడి కళ్లముందు ఆయన మీదే సరుకు పరీక్ష చేసి చూపిస్తారు. చేసే మనిషి కోడ్ పేరు సూది. మొహం తెలీదు."

"విందు రద్దు చెయ్యండి."

"చేస్తే ఇంకో ఊరు, ఇంకో మెడ. అప్పుడు మనకి తెలియను కూడా తెలియదు."

"ఫీన్‌ని చంపింది..."

"సూదే. నాకా మనిషి ప్రాణాలతో కావాలి, సెర్వాస్."

"ప్రయత్నిస్తాను సార్."

"నీ గొంతులో నాకు నమ్మకం వినబడటం లేదు."

"నాకూ వినబడటం లేదు సార్."

చీఫ్ సొరుగులోంచి నీలం టై ఒకటి తీశాడు. "లోపల మైక్రోఫోన్ ఉంది. వీధి అవతల మాటా వినిపిస్తుంది."

సెర్వాస్‌కి ఏడాదిలో మొదటిసారి నవ్వొచ్చింది. "గురువారం మా ఊళ్లో టైయా? మేక మెడకి గంట కట్టి పులి గుహలోకి తోలినట్టే సార్."

"ఎందుకట?"

"మీరు హేగ్ వాళ్లు. చెప్పినా మీకు నవ్వు రాదు."

టై మళ్లీ సొరుగులోకి వెళ్లింది. నవ్వుకున్నాడే గాని, ఆ నవ్వులోనే జవాబు ఉందని సెర్వాస్‌కి తట్టలేదు. ముసలమ్మ చేతిలో కత్తెరని అనుమానించడం మాస్ట్రిక్ట్‌లో పుట్టినవాడికి చేతకాని పని.

"తోడుగా ఓడిల్ వస్తుంది" అన్నాడు చీఫ్. "రెండేళ్లుగా ముఠా లోపల ఉన్న మన మనిషి."

ఓడిల్ సెర్వాస్‌కి తెలుసు. బెల్జియం పిల్ల. పొగాకు రంగు జుట్టు, నక్కతోలు కాలరు. ఆమె నడిచొస్తే రైల్వే కూలీలు కూడా పెట్టెలు దించి నిలబడతారు. ఫీన్ అంత్యక్రియల నాడు వానలో అతనికి గొడుగు పట్టుకుని నించుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనానికి అతను ఇప్పటికీ ఆమెకి రుణపడి ఉన్నాననే అనుకుంటాడు.

*

గురువారం పొద్దున మాస్ట్రిక్ట్ స్టేషన్లో, పక్కనొచ్చి నిలబడ్డ ఆడమనిషి వైపు చూడకుండా సెర్వాస్ తమ సర్వీసు కోడ్ ప్రశ్న అడిగాడు. "మాస్ నది ఈ ఏడు గడ్డకడుతుందా?"

"కట్టినా మనం నడిచేంత కాదు" అంది ఓడిల్. కోడ్ సరిపోయింది. "మొహం అలా పెట్టకు. పండగ రోజు."

"నాకు పండగ విందయ్యాకే."

"దొరికితే ఏం చేస్తావు సూదిని?"

"చీఫ్ ప్రాణాలతో కావాలన్నాడు."

"నేనడిగింది నిన్ను."

అతను కోటు కాలరు ఎత్తుకుని ముందుకు కదిలాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని నడిచింది.

ముందు ఫీన్ ల్యాబ్. ఆ విషం తగిలిన మనిషిని ఎలా గుర్తుపట్టాలో, ఎలా బతికించాలో తెలుసుకోవాలి. ఫీన్ ఇరవై ఏళ్ల పరిశోధన అక్కడి ఫ్రీజర్లో మంచు పట్టి ఉంది. వరసలు వరసలుగా గాజు గొట్టాలు, ఒక్కో దానిలో ఒక్కో రకం కణాల తోలు. వాటిని కాపలా కాస్తున్నది డాక్టర్ టిల్లీ క్రైన్స్, ఫీన్‌తో కలిసి పనిచేసిన మనిషి. లావుపాటి మనిషి, గొంతు అంతకంటే లావు.

"గదిలో అడుగుపెట్టారుగా, చేతులు చాపండి" అంది టిల్లీ.

"దేనికి?" అంది ఓడిల్.

"సుంకం. ఇక్కడికొచ్చినవాళ్లు ఒక గొట్టం నెత్తురిచ్చి, చెర్రీ పళ్లు పరిచి కాల్చిన ఫ్లాయ్ రొట్టె ముక్క తిని పోవాలి. ఫీన్ పెట్టిన ఆచారం. జబ్బులేని వాళ్ల నెత్తురంతా కలిపి ఒక్కటి చేస్తాం. రోగుల నెత్తురుని దాంతో పోల్చి చూస్తాం."

"నాకు సూదులంటే భయమండీ."

"మా అక్క మేయర్నే వదల్లేదు" అన్నాడు సెర్వాస్. "పోలీసు కమిషనరు కళ్లు తిరిగి పడ్డాడు కూడా. నువ్వు కాదంటే నలుగురూ నవ్వుతారు."

ఓడిల్ ఒక్క క్షణం తటపటాయించింది. "దీన్నెప్పుడు పరీక్ష చేస్తారు?"

"పండగయ్యాకే తల్లీ. ఇవాళ పని చేస్తే పాపం తగులుతుంది."

ఓడిల్ తెల్ల పట్టు చొక్కా చెయ్యి మడిచింది. తర్వాత దూదిముక్క ఒత్తుకుంటూ, "నేను చౌరస్తా ఒకసారి చూసొస్తా. విందు దగ్గర కలుద్దాం" అని వెళ్లిపోయింది.

సెర్వాస్ కాఫీ ముందు పెట్టుకుని ఫ్లాయ్ తింటూ కూర్చున్నాడు. టిల్లీ రెండు గొట్టాలనీ యంత్రంలో తిప్పి, పైకి తేలిన పసుప్పచ్చ నీటిని గోరువెచ్చటి తొట్టి దగ్గరికి తెచ్చింది.

"పండగయ్యాక అన్నావుగా టిల్లీ అక్కా?"

"అలా అంటేనే చెయ్యి చాపుతారు. చూడని నెత్తురు కుండలో పోస్తే మీ అక్క ఊరుకునేదా? దెయ్యమై వచ్చి కొడుతుంది."

అతని గొట్టంలో గడ్డకట్టించే మందు చుక్క వేసి అటూ ఇటూ వంచింది. నాలుగైదు వంపులకే పాలమీద మీగడలా తెల్లటి పోగు కట్టింది. "నీది పొగరుబోతు నెత్తురురా" అని మెచ్చుకుంది.

ఓడిల్ గొట్టం వంచింది. మళ్లీ వంచింది. కాఫీ చల్లారింది. గొట్టంలో నీళ్లు నీళ్లలాగే ఊగుతున్నాయి. ఇంకో గొట్టం పెట్టింది. అదీ అంతే.

"ఒరే, ఆ అమ్మాయికి గుండె జబ్బా?"

"గుర్రంలా ఉంది కదా. ఏం?"

"అయితే నాలుగైదు రోజులుగా నెత్తురు పలచబడే మాత్రలు మింగుతోంది. ముసలి రోగులకిచ్చే మందది. ఆ పిల్లకెందుకు?"

సెర్వాస్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది.

"టిల్లీ అక్కా, ఆ విషం పూసిన ఆయుధం పట్టుకునేవాళ్లు, పొరపాటున తమకే గీరుకుంటే చావకుండా ఉండాలంటే ఏం చెయ్యాలి?"

టిల్లీ గొట్టాన్ని మెల్లగా స్టాండులో పెట్టింది. "ముందునుంచీ ఈ మాత్రలే మింగాలి" అంది.

కిటికీ కింద ముసలమ్మల గుంపు పాడుకుంటూ పోతోంది. పాటకి తాళంగా గాలిలో కత్తెరలు ఆడుతున్నాయి. టక్, టక్, టక్.

రాయబారి మెడ. రాయబారి టై.

టౌన్‌హాల్‌కి ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది. బ్యాండు మేళంలో ఎవరికి వినబడుతుంది? రిసీవరు వదిలేసి మెట్లమీంచి దూకాడు.

*

మంచు పేరుకున్న చౌరస్తాలో రెండుసార్లు జారిపడ్డాడు. టౌన్‌హాల్ గుమ్మంలో కాపలావాళ్లకి అప్పటికే టైలు లేవు, బుగ్గల మీద ఎర్రటి ముద్దు మరకలు. లోపల పాతికమంది ముసలమ్మలు. ఒకే రకం ముసుగు, ఒకే రకం నల్ల శాలువా, అందరి చేతుల్లో కత్తెరలు. హాలుకి ఆ చివర హల్వోర్సన్ బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు, మెడలో పండు మిరపకాయ రంగు టై.

"భయపడకండి సార్, పోతే టైయే పోతుంది!" అని మేయరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

వీళ్లలో ఎవరు?

ఒక ముసలమ్మ రాయబారి టై అందుకోవడానికి చెయ్యి చాపింది. శాలువా జారింది. కింద తెల్ల పట్టు చొక్కా. మోచేతి మడతలో రూపాయి బిళ్లంత ఎర్రటి మరక, ఇంకా పాకుతోంది. ఎవరికైనా ఈపాటికి మూసుకుపోవలసిన సూదిపోటు ఆమెకి మూసుకోలేదు.

మధ్యలో నాట్యమాడే జనం. చేరలేడు. కత్తెర నోరు తెరిచింది. మొన టై మీద లేదు, గొంతు మీద ఉంది.

"మాస్ నది ఈ ఏడు గడ్డకడుతుందా?" అని సెర్వాస్ గొంతు చించుకుని అరిచాడు.

ఆ కోడ్‌కి జవాబివ్వడం ఆమెకి రెండేళ్ల అలవాటు. ముసుగు అర క్షణం అతనివైపు తిరిగింది. ఆ అర క్షణంలో అతను ఇద్దరు ముసలమ్మల్నీ ఒక బాకా వాయించేవాణ్ణీ పడగొట్టి ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. పెనుగులాటలో కత్తెర తిరగబడి ఆమె రెండో చేతినే కోసుకుపోయింది. ఆమె కూలబడింది. సందు చూసి మేయరుగారి భార్య తన కత్తెరతో రాయబారి టై కత్తిరించి, చప్పుడయ్యేలా ముద్దిచ్చింది. జనం ఈలలు వేశారు. హాలంతా నవ్వింది, ఒక్కడు తప్ప. మేడమీది వరండాలో వాడు స్టాప్‌వాచీ ఆపి జేబులో వేసుకోబోతున్నాడు. సరుకు కొనడానికొచ్చింది వాడేనని, జనంలో కలిసి ఉన్న చీఫ్ మనుషులకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

సెర్వాస్ ముసుగు లాగేశాడు. ఓడిల్ మొహం సున్నంలా ఉంది. చేతి నరం తెగింది. విషం ఆమెని చంపలేకపోయింది, మాత్రలు ఆమెని బతకనివ్వడం లేదు. నెత్తురు నేలమీద నీళ్లలా పారుతోంది. అతని బొటనవేలు ఆ గాయం మీద ఉంది.

"తియ్యి" అంది ఓడిల్ గుసగుసగా. "అదేగా నీక్కావలసింది? ఎవరూ తప్పుపట్టరు."

"మా అక్కనెందుకు?"

"ఇది ఎవరు తయారుచేశారో కనిపెట్టగలిగేది ఆవిడొక్కతే." ఊపిరి తీసుకుంది. "ఆ రోజు నా ముసుగు తాడు జారిపోతోంది. మీ అక్క పిలిచి, 'ఇలా రా అమ్మాయ్' అని ముడేసింది. గట్టిగా వేసిందేమో అని అడిగింది కూడా."

సెర్వాస్ బొటనవేలు ఎత్తాడు.

నెత్తురు చిమ్మింది. ఏడాదిగా పదును పెట్టుకున్నది ఇదే. ఇంత తేలికని అతను ఎప్పుడూ అనుకోలేదు. ఊరికే ఉంటే చాలు. ఓడిల్ కళ్లు మూసుకుంది. ఆమె మొహంలో ఏదో నెమ్మది కనబడింది, బాకీ తీరిపోతున్న మనిషి నెమ్మది.

ఆ నెమ్మది చూసి అతనికి ఒళ్లు మండింది. వేలు మళ్లీ గాయం మీద పెట్టి, ఎముక తగిలేలా నొక్కాడు.

"అంత సుఖంగా పోనివ్వను. కోర్టుకొస్తావు. ఆ తాడు ముడి సంగతి అందరిముందూ చెబుతావు. తర్వాత జైల్లో ప్రతి పొద్దునా లేచి అదే గుర్తుచేసుకుంటావు. బతుకు. నిదానంగా బతుకు."

అంబులెన్సులోనూ అతను చెయ్యి తియ్యలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు అతని వేళ్లని ఒక్కొక్కటిగా విడదీయాల్సి వచ్చింది.

*

చీకటి పడ్డాక వార్డులో సద్దుమణిగింది. ఓడిల్ గది బయట ఒక పోలీసు, ఒక కుర్చీ, కుర్చీలో సెర్వాస్. చొక్కా నెత్తురు ఎండి అట్టలు కట్టింది. డ్యూటీ నర్సు, నడివయసు మనిషి, అడక్కుండానే బఠానీ సూపు తెచ్చి చేతిలో పెట్టింది.

"గండం గడిచిందట. డాక్టరుగారు చెప్పమన్నారు" అంది.

"తెలుసు."

"వచ్చిన దగ్గర్నించీ కదల్లేదు మీరు. ఆవిడ మీకేమవుతుంది?"

సెర్వాస్ చెంచా కింద పెట్టాడు. "మా అక్కని చంపింది."

నర్సు అతన్ని కాసేపు చూసింది. గదిలోకి చూసింది.

"అయితే కాస్త మెల్లగా మాట్లాడండి. ఇప్పుడే నిద్రపోయింది" అని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.