నువ్వుగింజలో సగం

తప్పంతా డిక్షనరీదే అనుకుంది గడబిడ.

డిక్షనరీ అంటే క్లాసులో తన పక్కన కూర్చునే పిల్ల. 'టైమ్' అన్న మాటతో వచ్చే ఇంగ్లిష్ ఇడియమ్స్ పది, అర్థాలతో సహా గడగడా అప్పజెప్పింది. దాంతో టీచర్ అందరికీ పని పెట్టింది.

"అర్థం బట్టీ పడితే చాలదు. ఎక్కడ వాడాలో తెలియాలి. మీ కళ్లముందు జరిగింది చూసి వాక్యాలు రాసుకు రండి."

స్కూలు వదలగానే గడబిడ నాన్న వాచీల షాపుకొచ్చింది. నాన్న కంటికి భూతద్దం పెట్టుకుని పాత వాచీ ఒకటి బాగుచేస్తున్నాడు. ఎదురుగా స్టూలు మీద ఒక టైలరమ్మ.

"అయిదున్నరకి బస్సు అన్నా. అమ్మకి ఈ రాత్రి గడవడం కష్టమన్నారు. రోజూ తలగడ కింద పెట్టుకునే ఈ వాచీ చప్పుడు చెవిలో పడితేగానీ కన్ను మూయదు."

"అయిదుంబావుకల్లా నీ చేతిలో పెడతా చెల్లెమ్మా."

ఆమె ఫోన్ మోగితే గుమ్మం బయటికి వెళ్లింది.

'ఇన్ ద నిక్ ఆఫ్ టైమ్.' ఇక చేజారిపోతుందనగా, సరిగ్గా సమయానికి అందడం. గడబిడకి వాక్యం దొరికేసింది. కానీ పుస్తకం సంచి అడుగున ఉంది. తీసే ఓపికెక్కడ?

బల్లమీద తెల్లకాగితం పరిచి ఉంది. నాన్న విప్పిన స్క్రూలు విప్పిన వరసలోనే దానిమీద పేర్చి, గాజుగిన్నె బోర్లించాడు. అంచు ఖాళీయే కదా అని గడబిడ చింపబోయింది.

గిన్నె జారింది. స్క్రూలన్నీ నేలపాలు.

నాన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నా చెయ్యి తగిలింది చెల్లెమ్మా," అన్నాడు, లోపలికొచ్చిన టైలరమ్మతో, తలెత్తకుండా.

ముగ్గురూ మోకాళ్లమీద వెతికారు. అయిదుంబావు దాటింది. ఒక స్క్రూ దొరకలేదు. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు.

"ఆగిన వాచీ పట్టుకెళ్లి ఏం చేసుకోను అన్నా?" ఆమె వట్టి చేతులతో వెళ్లిపోయింది.

గడబిడ వెనకే పరుగెత్తి బస్సు కిటికీ పట్టుకుంది.

"ఆంటీ, నాన్న కాదు. నేనే కాగితం లాగాను."

టైలరమ్మ కిటికీలోంచి వంగింది. "మీ నాన్నని నేనేమీ అనుకోలేదని చెప్పు."

గడబిడ సంగతి మాత్రం ఏమీ అనలేదు. బస్సు కదిలింది.

మర్నాడు డిక్షనరీ అడిగింది. "ఎన్ని రాశావే?"

"ఒకటే. వుయ్ ర్యాన్ అవుట్ ఆఫ్ టైమ్."

"టైము అయిపోయింది. అంతేగా?"

"అంతే," అంది గడబిడ.

సాయంత్రం షాపులో, సంచిలోవన్నీ కిందపెట్టి అడుగునున్న పుస్తకం తీసి హోంవర్కు చేసింది. తర్వాత అయస్కాంతం తీసుకుని నేలమీద కూర్చుంది. రోజూ కూర్చుంటోంది. ఆ వాచీ కోసం ఎవరూ రాలేదు.

తొమ్మిది స్క్రూల్లో ఎనిమిది ఉన్నాయి. పోయింది ఒక్కటి. నువ్వుగింజలో సగం.