ఫోటోల పడొద్దని

వాకిట్లో ఆటో వచ్చి ఆగింది. లింగవ్వ మాత్రం బాత్రూం తలుపు తీయడం లేదు. కోడలు సుజాత గడప దగ్గరే అటూ ఇటూ తిరుగుతోంది. లింగవ్వకు మర్మాంగం దగ్గర ఎర్రటి మచ్చ, ఎంతకీ మానని దురద. తామరేనని ఇన్నాళ్లూ పసుపే పూసుకుంది. చర్మం డాక్టరమ్మకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. "పసుపు మరక కింద ఏమీ తెలియట్లేదు. ఏమీ రాయకుండా రండి, లెన్సు పెట్టి ఫోటో తీయాలి" అని పోయినవారం మరీ మరీ చెప్పింది.

తలుపు తెరుచుకుంది. లింగవ్వ వేళ్లు పచ్చగా ఉన్నాయి.

"అత్తమ్మా, మల్ల రాసినవా?"

"దురదైతుంది, రాసిన. నీకేంది?"

"అరుదుగ వచ్చే క్యాన్సర్ కావొచ్చన్నది గద డాక్టరమ్మ. నీకు సమజైతలేదా?" సుజాత గొంతు పెంచింది. అది కోపమో భయమో ఆమెకే తెలియలేదు.

లింగవ్వ తల దించుకుంది. "ఫోటోల పడొద్దనే రాసిన."

"ఏంది?"

"షుగర్ రిపోర్టు సంపత్ ఫోన్లకు రాలేదా? గిదీ గట్లనే వస్తది. కన్నకొడుకు గా ఫోటో చూసినంక నేను బతికేం లాభం?"

ఆటో దగ్గరున్న సంపత్ చెవిన ఆ మాట పడనే పడింది. అతను లోపలికి రాలేదు. గోడ అవతల నుంచే అన్నాడు.

"అవ్వా, దవాఖానల నా నంబరు తీసేపిస్త. సుజాతది రాపిస్త. నువ్వు కడుక్కో."

లోపల నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది.

పసుపు ఒక్కనాటితో పోతుందా? మళ్లీ వారం ఆగాల్సి వచ్చింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. మచ్చ పెరుగుతోందేమోనని సుజాతకు కునుకు పట్టలేదు.

ఈసారి డాక్టరమ్మ లెన్సు ఆనించి ఫోటో తీసింది. "నా అనుమానం పెరిగింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేగానీ ఖాయంగా చెప్పలేను. ఇప్పటికైనా చూపించుకున్నారు, మంచిపని చేశారు" అంది.

"నాకోపారి చూపియ్యి, బిడ్డా."

ఇంతకాలం మోసిన మచ్చను లింగవ్వ ఒక్కసారి కూడా చూసుకోలేదు. తెర మీద ఎరుపు, మధ్యలో పాలరంగు తెలుపు, సన్నటి రక్తనాళాల చుక్కలు. మొహం లేదు, ఒళ్లు లేదు.

"గింతేనా? దీన్ని దాచిపెట్టుకొనే సచ్చేదాన్నా నేను?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సుజాత ఆమె భుజం పట్టుకుంది. కాసేపటికి లింగవ్వ కళ్లు తుడుచుకుని తలుపు వైపు చూసింది.

"సంపత్ బయట ఫికర్ జేస్తుండొచ్చు. లోపలికి పిలువు సుజాతా. వాళ్లవ్వకు ఏమైందో వాడు గూడ చూడాలె."