రెండు పొట్టి ఈలలు

"ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను అడిగేదాకా నన్ను ముట్టుకోవద్దు. చెయ్యి తగిలితే ఈత చెల్లదు."

పరిచయమైన మొదటి నిమిషంలో ఆమె నాతో అన్న మాటలివి. ఆమె పన్నెండు కిలోమీటర్ల సరస్సును ఈదాలి. నేను పక్కన కయాక్, అంటే సన్నటి తెడ్డు పడవ, నడపాలి.

"ముట్టుకోవాలని ఎవరికుంది లెండి," అన్నాను. పచ్చి అబద్ధం.

తర్వాత మెళ్లో వేసుకోమని నాకో విజిల్ ఇచ్చి, దాని గుర్తులు చెప్పింది. ఒక పొడుగు ఈల వేస్తే 'సరే, సాగిపో' అని. రెండు పొట్టి ఈలలు వేస్తే 'ఇటు రా' అని. అవి వాళ్ల నాన్న పెట్టిన గుర్తులు. బతికున్నన్నాళ్లూ ఆయన ఆమె పక్కన ఇంకెవర్నీ కయాక్ ఎక్కనివ్వలేదట. ఆయన పోయి ఏడాది. ఈ ఈత ఆయన కోసమే. మధ్యలో ఆగిపోతే ఇక జన్మలో నీళ్లలో దిగనని వాళ్లమ్మతో చెప్పి వచ్చింది.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. అరగంటకోసారి తాడు కట్టిన సీసా ఆమెకు విసరాలి, తాగాక లాక్కోవాలి.

"మీ గురి చూస్తుంటే చేపలకే దాహం తీరేలా ఉంది," అంది రెండోసారి విసిరినప్పుడు.

రోషం వచ్చి మూడోసారి బలంగా విసిరాను. నా మెళ్లో విజిల్ తాడు సీసా తాడుకి చుట్టుకుని ఉందని చూసుకోలేదు. అది పుటుక్కున తెగి, విజిల్ నీళ్లలో పడిపోయింది. నవ్వుతుందని ఆమెకు చెప్పలేదు.

తొమ్మిదింటికి పొగమంచు ముంచుకొచ్చింది. నా తెడ్డు చివర నాకే కనబడలేదు. ఆమె ఈత చప్పుడు ఆగిపోయింది. గొంతు చించుకుని అరిచాను. జవాబు లేదు.

అప్పుడు ఎడమవైపు నుంచి రెండు పొట్టి ఈలలు వినిపించాయి.

విజిల్ నా దగ్గర లేదు. అయినా అటే తెడ్డు వేశాను. కాసేపటికి ఆమె పసుపు టోపీ కనిపించింది.

"ఎటో కొట్టుకుపోతున్నా. మీ ఈల విని ఇటు తిరిగా," అంది ఆయాసపడుతూ.

పడవను ఆమె పక్కకి తిప్పాను. మిగతా దారంతా ఆమె చెయ్యి పడవకు జానెడు దూరంలో ఆడుతూనే ఉంది. లాగి పైకెక్కించేయాలనిపించేంత భయం వేసింది. ఉగ్గబట్టుకున్నాను.

అవతలి గట్టు మీద వాళ్లమ్మ ఆమెకు టవల్ కప్పింది. అప్పుడు చెప్పేశాను.

"విజిల్ ఏడున్నరకే నీళ్లపాలైంది. ఆ ఈల వేసింది నేను కాదండీ."

తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆయన విజిల్ ఆయన మెళ్లోనే ఉంచి సాగనంపాం బాబూ," అంది వాళ్లమ్మ మెల్లగా.

ఆమె నీళ్లవైపు చూసింది. తర్వాత చెయ్యి నా ముందుకు చాపింది.

"ఈత అయిపోయింది. ఇప్పుడు ముట్టుకోవచ్చు."

"పట్టుకుంటే వదలను మరి. మీరు కనబడనప్పుడే నాకా సంగతి తెలిసింది."

"అయితే నాన్నని అడగాలి," అంది, నవ్వూ ఏడుపూ కలిసిపోయి.

చెయ్యి పట్టుకున్నాను. సరస్సు మీది మంచులోంచి ఈల వినిపించింది. ఒక్కటే, పొడుగ్గా.