చివర్లో ఇవ్వాల్సిన ఇంజెక్షన్

“ఆ విదేశీ ముఠా కోడ్‌ని విప్పింది ఇద్దరే. నిన్న ఒకాయన పోయాడు. గుండెపోటు అంటున్నారు, నేను నమ్మను,” అన్నాడు చీఫ్. “రెండో ఆయన మీ మామయ్య. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పేదాకా బతికుండాలి.”

“ఇవాళ ఆయనకి డయాలసిస్ సార్.”

“తెలుసు. అక్కడ నర్సు వేషంలో వెన్నెల ఉంటుంది. నువ్వు పక్కనే కూర్చో.”

ఏజెంట్ డేగ మనసు కుదుటపడింది. వెన్నెల అతని పార్ట్‌నర్. ఈ మిషన్ అయ్యాక పెళ్లి మాట ఎత్తుదామని కూడా అనుకుంటున్నాడు.

వార్డులో మెషీన్ అప్పుడే మొదలైంది. మామయ్య చేతి నుంచి రక్తం గొట్టంలో వెళ్లి, శుభ్రపడి తిరిగొస్తోంది.

“ట్రైగ్లిజరైడ్లు, అదే రక్తంలో కొవ్వు, మళ్లీ పెరిగాయిరా. నోరు కట్టుకున్నా ఇదే గతి.”

“కార్నిటిన్ ఇస్తున్నారుగా మామయ్యా?”

“ఇస్తున్నారు. ఈ మెషీన్ చెత్తతో పాటు ఒంట్లో ఉన్న కార్నిటిన్‌నీ కడిగేస్తుంది. అది లేకపోతే ఒళ్లు కొవ్వుని సరిగ్గా వాడుకోలేదట. అందుకే అంతా అయ్యాక, చివర్లో ఎక్కిస్తారు. దాంతో రక్తంలో కొవ్వు తగ్గుతుందా అంటే డాక్టరే నీళ్లు నములుతున్నాడు.”

అంతలో వెన్నెల వచ్చింది. తెల్ల యూనిఫాం, మెత్తటి నడక, చేతిలో సిరంజి. అచ్చం నర్సే.

“మామయ్యగారూ, మీ కార్నిటిన్.”

ఆమెను చూసి నవ్వబోయిన డేగ ఆగిపోయాడు.

“ఇప్పుడేనా?”

“కొవ్వు పెరిగింది కదా. డాక్టర్ గారు వెంటనే ఇమ్మన్నారు.”

ఏ నర్సూ ఇప్పుడివ్వదు. ఇస్తే మందంతా మెషీన్ పాలే. వేషం నేర్చుకుంది గానీ పని నేర్చుకోలేదు.

“నిన్న ఆయన్నీ నువ్వేనా?”

ఆమె సూదిని గొట్టంలో గుచ్చి బొటనవేలు బిగించింది. డేగ ఒక చేత్తో గొట్టాన్ని మడిచి పట్టుకుని, రెండో చేత్తో జేబులోని పెన్ను తీసి ఆమె భుజానికి ఆనించి నొక్కాడు. పెన్నులోంచి మత్తుసూది దిగింది. మెషీన్ అలారం మోగింది.

“నీతో ఉన్నదంతా నాటకం కాదు,” అంటూ ఆమె నేలకు జారింది.

అది నిజమో కాదో అతనికి తెలియలేదు. నిజమైతే బాగుండునని ఇంకా అనిపిస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వెన్నెలను తీసుకెళ్లిపోయారు. గొట్టాలు మార్చి మళ్లీ డయాలసిస్ నడిపారు. అంతా అయ్యాక అసలు నర్సు కార్నిటిన్ సిరంజితో వచ్చింది. మామయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“ఒరే, ఈవిడ నీకు తెలుసా?”

“తెలీదు మామయ్యా.”

“అయితే ఇవ్వనీ,” అని చెయ్యి చాపాడు.